డెబ్బై దాటితే బాపు ఒప్పుకోడు

చనిపోయిన ఒక మనిషికి, బతికున్న ఒక మనిషికి, ఒక కారుకు నేను ఒకే ప్రయాణంలో తప్పుడు వైద్యం చేశాను. చనిపోయిన మనిషి మా బాపు. బతికున్న మనిషి మా అమ్మ. కారు బాపు కొన్న తెల్ల కారు. చివరికి ముగ్గురూ నన్ను క్షమించారనే అనుకుంటున్నాను. కారు మాత్రం కొత్త టైర్లు వేయించుకున్నాకే క్షమించింది.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నేను నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఏ కష్టం వచ్చినా దాని గురించి చదివితే తగ్గిపోతుందని నా నమ్మకం. జ్వరం వస్తే మాత్ర వేసుకునే ముందు పెట్టెలో మడిచిపెట్టిన కాగితం చదువుతాను. చదవడం పూర్తయ్యేసరికి జ్వరం పెరిగి ఉంటుంది. బాపు పోయినప్పుడు కూడా అదే పని చేశాను. ఏడవాల్సిన రోజుల్లో, దుఃఖం గురించి రాసిన పుస్తకాలు తెప్పించుకుని పెన్సిల్ పట్టుకుని చదివాను. మనిషి లోపల దాచుకున్న దుఃఖం ఒక్కోసారి ఒంట్లో వణుకుగా బయటపడుతుందని ఒకచోట ఉంది. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దాని కింద గీత పెట్టి, గీత కింద ఇంకో గీత పెట్టాను. మా కొంప మునిగింది ఆ గీతల దగ్గరే.

బాపు బడిపంతులుగా పనిచేసి, రిటైరైన తర్వాత కారు కొన్నాడు, కొన్న తర్వాత నడపడం నేర్చుకున్నాడు. చిన్నపిల్లాడిని చెయ్యి పట్టి రోడ్డు దాటించినట్టు నడిపేవాడు. స్పీడు చూపించే ముల్లు డెబ్బై దాటితే ఒప్పుకునేవాడు కాదు. నేను స్టీరింగు పట్టినా పక్క సీటులో కూర్చుని రోడ్డు చూడకుండా ముల్లునే చూసేవాడు. "డెబ్బై, బిడ్డా, డెబ్బై" అనేవాడు. ఎద్దుబండి మమ్మల్ని దాటిపోయిందని కాలేజీలో చెప్పాను గానీ, అది అబద్ధం. ట్రాక్టరు దాటిపోయింది. అది నిజం.

అమ్మను ఆలంపూర్ తీసుకుపోతానని ఆయన మాట ఇచ్చాడు. కొత్త కారులో పోయి జోగులాంబను చూసి, తుంగభద్ర ఒడ్డున కూర్చుని సద్ది తిని రావాలని ఇద్దరూ అనుకున్నారు. ఎండలు తగ్గాక అన్నారు, వానలు తగ్గాక అన్నారు. వానలు తగ్గకముందే ఆయన పోయాడు.

దినాలు అయిన రోజు సాయంత్రం మా చిన్నబాపు సత్తయ్య, అంటే బాపు తమ్ముడు, వాకిట్లో నిలబడి కారును చూస్తూ ఒక మాట అన్నాడు.

"బిడ్డా, ఏడాది మాసికం అయ్యేదాక అన్న బండి కదిలియ్యద్దు. పోయినోల్ల బండిని గట్లనే ఇడువాలె. మధ్యల తోల్తె మంచిగుండది."

నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే వారానికోసారి చెబుతుంటాను. అయినా ఆ రోజు "సరే, చిన్నబాపు" అన్నాను. అది నాకు కావలసిన మాట. కారు, బాపు చివరిసారి ఎలా ఆపాడో అలాగే ఉంది. కొంచెం వంకరగా, ముందు చక్రాలు గోడవైపు తిరిగి, వాకిట్లో పరిచిన షాబాదు బండల మీద నిలబడి ఉంది. ఆ వంకర ఆయనది. దాన్ని ఎవరూ సరిచేయకూడదని నాకు అనిపించింది.

అలా ఏడాదిపాటు కదలని కారుకు నేను సేవ చేశాను. మొండిగా కాదు, శాస్త్రీయంగా. బ్యాటరీ పడుకోకూడదని ప్రతి ఆదివారం ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, ఆపేసేదాన్ని. తడిబట్టతో తుడిచేదాన్ని. టైర్లకు నల్లగా మెరిసే మందు పూసేదాన్ని. కంటికి కనిపించినంత మేర పూసేదాన్ని. టైరు బండమీద ఆనుకుని, కారు బరువంతా మోస్తున్న ఆ కిందిభాగం కంటికి కనిపించదు కదా, దాని గురించి ఆలోచన కూడా రాలేదు. ఇక గాలి సంగతి. నడవని కారుకు గాలి ఎందుకు?

అమ్మ కూడా ఆ ఏడాదంతా దాదాపు అలాగే ఉంది. ఆచారం ప్రకారం గుడికి పోకూడదు, శుభకార్యాలకు పోకూడదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది. లేవబోతే నేను "నువ్వు కూసో అమ్మా, నేను జేస్త" అనేదాన్ని. ఆమెను కూడా బాగానే చూసుకుంటున్నానని అనుకున్నాను.

ఏడాది మాసికం అయింది. చిన్నబాపే అన్నీ చేశాడు. మరునాడు పొద్దున అమ్మ చాయ్ తాగుతూ కిటికీలోంచి కారును చూసి అంది:

"ఆలంపూర్ పోదాం."

"పోదాం అమ్మా. కిరాయి కారు మాట్లాడనా?"

"కిరాయిది ఎందుకే? గా బండిలనే పోదాం. మీ బాపు గా బండిలనే తీస్కపోత అన్నడు." ఇంకో గుటక తాగి అంది: "గది మంచిగ తీస్కపోతే ఇంట్ల ఉంచుకుందాం. లేకుంటే అమ్మేద్దాం. పొద్దుమాపు వాకిట్ల నిలవడి నన్నే జూస్తుంటే నాకు పానం నిమ్మలముంటలేదు."

కారు అమ్మడమంటే నాకు బాపును రెండోసారి పంపించినట్టే. కాబట్టి ఆ కారు ఆలంపూర్ దాకా పూలబుట్టలా పోయి రావాలి. అంతకంటే ముందు ఒకసారి నడిపి చూద్దామని, చిన్నబాపును పక్కన కూర్చోబెట్టుకుని నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కాను. గాలి కొట్టించాను. పానగల్లు దాటాను. యాభై, అరవై. అంతా బాగానే ఉంది. ముల్లు డెబ్బై దాటింది.

స్టీరింగు వణికింది.

వణికింది అంటే ఏదో కొంచెం అని కాదు. నా మోచేతుల దాకా పాకింది. పిండిగిర్నీకి ఆనుకుని నిలబడినట్టు ఉంది. భయపడి కాలు తీశాను. డెబ్బై లోపలికి రాగానే తగ్గింది. మళ్లీ పెంచాను. మళ్లీ వణికింది.

చిన్నబాపు రెండు చేతులూ జోడించి, "అన్నా" అన్నాడు.

"ఏంది చిన్నబాపు?"

"నీకు సమజైతలేదా బిడ్డా? డెబ్బై దాటంగనే స్టీరింగు పట్టుకుంటున్నడు. బతికినన్ని దినాలు దాటనియ్యలే, ఇప్పుడు దాటనిస్తడా?"

"చిన్నబాపు, ఇది చక్రాల సమస్య."

"చక్రాలకు డెబ్బై అని ఎట్ల ఎరుక?"

జవాబు లేని ప్రశ్న ఎదురైతే నేనేం చేస్తానో మీకు ఇప్పటికే తెలుసు. ఇంటికి పోయి చదివాను. కారుతో వచ్చిన పుస్తకం, బాపు కవరు కూడా తియ్యకుండా దాచింది, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. చక్రాల బరువు సమంగా లేకపోతే వణుకుతుందని, చక్రాలు వంకరగా ఉంటే ఒకవైపు లాగుతుందని, ముందు టైర్లను వెనక్కు, వెనక టైర్లను ముందుకు అప్పుడప్పుడు మార్చుకోవాలని ఉంది. నేను పైకి చదువుతుంటే అమ్మ గదిలోంచి వింటూనే ఉంది. చిన్నబాపు తన సిద్ధాంతం అప్పటికే ఆమెకు చేరవేశాడు.

"ఏమంటున్నడే మీ బాపు?" అని అడిగింది, ఫోను మాట్లాడి వచ్చిన మనిషిని అడిగినట్టు.

"బాపు ఏమంటలేడు అమ్మా. బండి అంటాంది. రేపు చేయించుకొస్త."

మరునాడు నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర జలీల్ భాయ్ టైర్ల దుకాణానికి పోయాను. జలీల్ భాయ్ పెద్ద మనిషి, మర్యాదస్తుడు. ఆయనకున్న లోపం ఒక్కటే, చదువుకున్న వాళ్లంటే విపరీతమైన గౌరవం. చక్రాలు విప్పి మిషను మీద తిప్పి చూశాడు. ఒకదానికి చిన్న సీసం ముక్క కొట్టాడు.

"బ్యాలెన్స్ మంచిగనే ఉన్నది మేడం. టైర్లు గూడ ఏం అరగలే, కొత్తయి తీర్గనే ఉన్నయి."

నడిపి చూశాను. మళ్లీ అదే వణుకు. తిరిగొచ్చాను.

"మేడం, మీరేమంటరు?" అని ఆయన నన్నే అడిగాడు.

దవాఖానలో డాక్టరు రోగిని "మీరేమంటారు" అని అడిగితే రోగి పారిపోవాలి. నేను పారిపోలేదు. గొంతు సవరించుకుని, "ముందు టైర్లు వెనక్కు వేయండి, వెనక టైర్లు ముందుకు వేయండి" అన్నాను.

"మీరు చదివిండ్రు గద మేడం, గట్లనే జేద్దాం" అన్నాడు జలీల్ భాయ్ సంతోషంగా.

మార్చాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను, చిన్నబాపు పక్కన కూర్చున్నాడు. డెబ్బై. ఎనభై. తొంభై. స్టీరింగు నా చేతుల్లో వెన్నముద్దలా ఉంది. ఎక్కడో వెనకాల ఏదో గురగురమంటున్నట్టు అనిపించింది గానీ రోడ్డు చప్పుడనుకున్నాను. విజయం సాధించిన మనిషికి చిన్న చప్పుళ్లు వినిపించవు.

"చూసినవా చిన్నబాపు? బాపు పోయిండు."

చిన్నబాపు ముఖం చిన్నబోయింది. అన్నను ఇంకోసారి పోగొట్టుకున్నట్టు అయ్యాడు. నాకు కొంచెం జాలి వేసింది, కానీ శాస్త్రం శాస్త్రమే.

వెనక సీటు ఆ పూట ఖాళీగా ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆలంపూర్ పోయే రోజు తెల్లవారి అమ్మ తయారై వచ్చింది. ఒక చేతిలో సద్ది గిన్నె, ఇంకో చంకలో బాపు ఫోటో. గోడమీది ఫోటో, దండతో సహా.

"అమ్మా, ఫోటో ఎందుకు?"

"ఎందుకేంది? తీస్కపోత అన్నడు గద. మాట నిలవెట్టుకోవద్దా?" అని ముందు సీటు తలుపు తీసి ఫోటోను కూర్చోబెట్టింది. వెనక్కి తగ్గి చూసింది. మళ్లీ వంగి సీటు బెల్టు లాగి ఫోటోకు పెట్టింది. "ఆయిన బెల్టు లేకుండ ఎన్నడన్న కూసుండెనా?"

కూర్చోలేదు. అది నిజమే. అలా బాపు ముందు, అమ్మ, చిన్నబాపు వెనక, నేను స్టీరింగు దగ్గర. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోపు చేరాలి. దేవరకొండ, కల్వకుర్తి దాకా రోడ్డు మీద బర్రెలు, బస్సులు, స్పీడు బ్రేకర్లు. ఎక్కడా డెబ్బై దాటే అవకాశం రాలేదు. అమ్మ కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తూ, ఏడాది తర్వాత మొదటిసారి ఊళ్ల పేర్లు పైకి చదువుతూ వచ్చింది. నా మనసు నిండిపోయింది. కారు ఉంటుంది, ఇక అమ్మం అనుకున్నాను.

జడ్చర్ల దాటి పెద్ద రోడ్డు ఎక్కాం. కాలు నొక్కాను. స్టీరింగు నిశ్చలంగా ఉంది. అద్దంలో చూశాను.

అమ్మ వణుకుతోంది.

గడ్డం వణుకుతోంది, భుజాలు వణుకుతున్నాయి, ఒళ్లోని సద్ది గిన్నె మూత టకటకమని కొట్టుకుంటోంది. ఆమె రెండు చేతులతో మూతను అదిమిపట్టుకుని, పెదవులు బిగించి ముందున్న ఫోటోనే చూస్తోంది.

నాకు ఏం గుర్తొచ్చిందో చెప్పనక్కర్లేదు. పెన్సిల్ గీత, దాని కింద ఇంకో గీత.

"అమ్మా," అన్నాను వీలైనంత మెత్తగా, "ఏమైంది?"

"ఏం గాలే. నువ్వు తో-తో-తోలు."

నేను వేగం తగ్గించాను. ఇలాంటి సమయంలో తొందరపడకూడదని చదివాను. ఎడమ పక్కకు వచ్చి మెల్లగా నడుపుతూ మాట్లాడాను. "ఏడుపు వస్తే ఆపుకోవద్దమ్మా. ఏడాది ఆపుకున్నవు. బాపు గురించి మాట్లాడుదాం. ఆయన ఎక్కడికీ పోలేదు, మన మాటల్లో ఉన్నడు."

అమ్మ వణుకు తగ్గింది. సద్ది గిన్నె మూత ఊరుకుంది. నా మాటకు ఇంత శక్తి ఉందని నాకే తెలియదు. గర్వపడకూడదని అనుకుంటూనే కొంచెం గర్వపడ్డాను.

"ఇప్పుడెట్లుంది అమ్మా?"

"ఇప్పుడు మంచిగున్నది" అంది అమ్మ, కొంచెం ఆశ్చర్యంగా.

మళ్లీ వేగం పెంచాను. అమ్మ మళ్లీ వణికింది. మళ్లీ తగ్గించి ఓదార్చాను. మళ్లీ తగ్గింది. ఇలా భూత్పూర్ నుంచి అడ్డాకుల దాకా ఓదారుస్తూ పోయాను. ఓదార్చిన ప్రతిసారీ గుణం కనిపించింది. ఏ వైద్యుడికైనా ఇంతకంటే రుజువు ఏం కావాలి? మధ్యలో చాయ్‌కి ఆగాం. అమ్మ నిండు గ్లాసు పట్టుకుని ఒక్క చుక్క ఒలకకుండా తాగింది. చాయ్ మంచి మందు అనుకున్నాను.

మళ్లీ బయలుదేరాక అద్దంలో ఇంకో దృశ్యం కనిపించింది. చిన్నబాపు కూడా వణుకుతున్నాడు. చెంపలు అదురుతున్నాయి, కిటికీకి ఆనించిన తల అద్దాన్ని కొట్టుకుంటోంది. పైకి ఎన్ని చెప్పినా అన్న మీద ఎంత ప్రేమ అనుకున్నాను.

"చిన్నబాపు, నీకు గూడ బాపు గుర్తొస్తున్నడా?"

"గు-గుర్తొచ్చుడు కాదు బిడ్డా, వ-వచ్చిండు! ఎనుకకొచ్చిండు!"

ఇద్దరికీ ఒకేసారి ఇలా అయిందంటే సంగతి ముదిరిందని నాకు అర్థమైంది. కొత్తకోటలో రోడ్డు దిగి నేరుగా ఒక చిన్న దవాఖాన ముందు ఆపాను.

"ఏందే, గుడికి యాల్లయితాంది, ఈడెందుకు ఆపినవ్?" అంది అమ్మ.

"ఒక్కసారి బీపీ చూపిచ్చుకుందాం అమ్మా."

"నాకేం బీపీ లేదు."

"దుఃఖంల బీపీ వస్తదమ్మా."

లోపల నర్సమ్మ అడిగింది: "వణుకు ఎవలకు?"

"వీల్లిద్దరికీ."

"ఎప్పటి సంది?"

"జడ్చర్ల దాటినప్పటి సంది."

నర్సమ్మ నన్ను ఒకసారి, నా వెనక తలుపులోంచి కనిపిస్తున్న కారులో బెల్టు పెట్టుకుని కూర్చున్న ఫోటోను ఒకసారి చూసింది. అమ్మకు బీపీ చూసింది, బాగుంది. చిన్నబాపుకు చూసింది, బాగుంది. ఆగి, "మేడం, మీది గూడ చూస్త, ఇటు రాండ్రి" అంది. చూసింది. "మీది జర ఎక్కువున్నది. ఫికర్ చేయకుండ్రి."

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాం. గుడి అందదని తేలిపోయింది. అమ్మ కొంగు నడుముకు చెక్కింది. ఏడాదిలో మొదటిసారి ఆమె గొంతు పెంచింది.

"నాకు దుఃఖం లేదని కాదే. ఉన్నది. గది నీకెట్ల ఎరుకైతది, నాకు ఎరుక. దుఃఖమొస్తే సద్దిగిన్నె ఎందుకు అదురుతదే? గిన్నెకు గూడ మీ బాపు మీద మనాదా?"

నేను కారులోని సద్ది గిన్నెవైపు చూశాను.

"అరె వదినా, అన్నే ఊపుతున్నడు అంటున్న గద," అన్నాడు చిన్నబాపు.

అమ్మ అతనివైపు తిరిగింది. "సత్తయ్యా, నీకు కండ్లున్నయా? మొన్న స్టీరింగు ఊగింది, మీ అన్న పట్టుకున్నడన్నవ్, నేను గూడ నిజమే కావచ్చు అనుకున్న. ఇయ్యాల మీ అన్న ముంగట బెల్టు వెట్టుకోని కూసున్నడు. నేనే వెట్టిన. మరి ఎనుక ఊపేది ఎవలు?"

చదివింది నేను, నమ్మేది వాళ్లు, తర్కం మాత్రం అమ్మ కొంగులో ఉంది.

"మొన్న ముంగట ఊగింది. ఇయ్యాల ఎనుక ఊగుతాంది. నడుమ నువ్వు ఏం జేసినవే?"

"ముందు టైర్లు... వెనక్కు వేయించిన."

"ఊ" అంది అమ్మ. క్లాసులో జవాబు ఆలస్యంగా చెప్పిన పిల్లను మా బాపు చూసినట్టు చూసింది. "సత్తయ్యా, నువ్వు తోలు. బిడ్డా, నువ్వు ఎనుక కూసో నా పక్కపొంటి."

కూర్చున్నాను. చిన్నబాపు డెబ్బై దాటించాడు. ఇక చెప్పేదేముంది. నా కళ్లజోడు ముక్కు మీంచి జారింది. దవడలు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. "అ-అ-అమ్మా" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని, అచ్చం నా గొంతులో, మెత్తగా అంది: "ఏడుపొస్తే ఆ-ఆపుకోవద్దు బి-బిడ్డా."

చిన్నబాపు నవ్వడం మొదలుపెట్టి, నడపలేక పక్కకు ఆపాడు.

జాకీ తీసి వెనక చక్రం పైకి లేపాం. చిన్నబాపు చేత్తో చక్రాన్ని తిప్పుతుంటే నేను కింద కూర్చుని, సంచిలోని పెన్సిల్ తీసి టైరుకు తగిలీ తగలకుండా పట్టుకున్నాను. చక్రం తిరుగుతోంది, పెన్సిలు టైరును రాస్తోంది. ఒకచోటికి రాగానే పెన్సిలుకు టైరుకు మధ్య బియ్యపుగింజ దూరేంత సందు వచ్చింది. మళ్లీ రాసింది. మళ్లీ తిప్పాడు. అదే చోట మళ్లీ సందు. గుండ్రంగా ఉండాల్సిన టైరు ఒకచోట అరచేయంత మేర చదునైపోయి ఉంది. రెండో చక్రం కూడా అంతే. ఏడాదిపాటు గాలి తగ్గిపోయి, ఇంజను బరువు మోస్తూ, మా వాకిట్లోని షాబాదు బండకు ఆనుకున్న చోటు అది. జలీల్ భాయ్ మిషను బరువు చూసింది గానీ ఆకారం చూడలేదు. నేను రెండూ చూడలేదు, మెరుపు పూశాను. దుఃఖం గురించి గీతలు పెట్టిన పెన్సిలే అది, చివరికి ఒక పనికి వచ్చింది.

అమ్మ వంగి చూసింది. ఆ చదును చోటును చేత్తో తడిమింది.

"ఏడాది ఒక్క తీరుగ కూసుంటే నా మోకాళ్లే సాగుతలెవ్వు. గవి సాగుతయానే?"

స్టెప్నీ ఒకటే ఉంది, పాడైన టైర్లు రెండు. ఏం చేద్దామని చిన్నబాపు అడిగాడు. అమ్మ ఫోటోవైపు చూసి, "డెబ్బై లోపట పోదాం. ఆయిన తీస్కపోయినా గంతే పోతుండె" అంది. ఆ తర్వాత ఆలంపూర్ దాకా ఒక్క మూత చప్పుడు లేదు. ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఈసారి నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

చేరేసరికి గుడి మూశారు. సాయంత్రం దాకా తుంగభద్ర ఒడ్డున కూర్చున్నాం. అమ్మ సద్ది విప్పింది, బాపు ఫోటోను ఒక బండకు ఆనించింది. తిన్నాక నీళ్ల దాకా పోతానంటే చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. మెట్టు మెట్టుకూ మోకాళ్లు పట్టుకుని ఆగింది.

"బండిని ఐతారం ఐతారం ఆన్ జేసి బంద్ జేసినట్టు," అంది నీళ్లవైపు చూస్తూ, "నన్ను గూడ రోజు కాలేజీకి పోంగ 'ఎట్లున్నవమ్మా' అని అడిగి పోతుంటివి. ఏడికన్న తీస్కపోయినవా?"

కోపంగా అనలేదు. టైరు గురించి చెప్పినట్టే చెప్పింది. నేను ఏ పుస్తకంలోనూ ఈ మాట చదవలేదు. కాళ్లు నీళ్లలో పెట్టుకుని ఆమె చాలాసేపు కూర్చుంది. ఆమె పక్కనే కూర్చుని నేను ఒళ్లంతా వణికేలా ఏడ్చాను. గీతలేవీ గుర్తు రాలేదు. అప్పుడు కారు ఆగే ఉంది కాబట్టి ఆ వణుకు టైర్లది కాదు.

సాయంత్రం దర్శనం అయింది. బయటికి వచ్చి కారు దగ్గర నిలబడి నేను తీర్పు కోసం చూస్తున్నాను. అమ్మ తలుపు తీసి, ఫోటోకు బెల్టు పెట్టి అంది:

"బండికేం రోగం లేదు. ఉంచుకుందాం. గానీ వాకిట్ల నిలవెట్టుడు బంద్."

తిరిగొచ్చాక అమ్మను కూడా తీసుకుని పోతే జలీల్ భాయ్ కొత్త టైర్లు వేశాడు. పాతవాటిని చూసి, "మేడం, మీరు జెప్పింది గూడ కరెక్టే ఉండె" అన్నాడు. గౌరవం ఇంకా తగ్గలేదు. ఇంటికి తిరిగి వస్తూ నేను తొంభై దాకా పోయాను. ముందూ వణుకు లేదు, వెనకా లేదు. నీళ్ల మీద పోతున్నట్టు ఉంది. వెనక సీటులోంచి అమ్మ అంది:

"బిడ్డా, జర డెబ్బైకి రా."

"ఏమైందమ్మా? ఊగుతాందా?"

"ఊగుతలేదు. గందుకే అంటున్న. ఇప్పుడు ఆపెటోల్లు ఎవలు లేరు గద."

డెబ్బైకి వచ్చాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కాబట్టి పాఠకుల సమక్షంలో, నాలుగు చక్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రతి ఆదివారం కారునూ అమ్మనూ కలిపి బయటికి తీస్తాను, కనీసం నార్కట్‌పల్లి దాకా, చాయ్ కోసమైనా. నేను ప్రేమించిన దేన్నీ ఉన్నచోటే ఉంచి తుడుస్తూ కూర్చోను. అన్నిటికంటే ముఖ్యంగా, వెనక సీటులో ఒకసారి కూర్చుని చూడకుండా ఇంకెవరి వణుకుకూ పేరు పెట్టను.